ఇంగ్లండ్ పల్లెటూరి కూరగాయల పోటీకి పండించి, జామ్ కాచి, చట్నీ పట్టి పెట్టాను: నా అనుభవం

ఇంగ్లండ్‌లో ఆగస్టు మొదలుకొని సెప్టెంబర్ రెండో వారం దాకా ఏదో ఒక శనివారం, చాలా పల్లెటూళ్లలో కూరగాయల పోటీ జరుగుతుంది. హార్టికల్చరల్ షో అంటారు, కొన్ని ఊళ్లలో ప్రొడ్యూస్ షో, ఫ్లవర్ షో అని కూడా పిలుస్తారు. ఊరి హాల్లోనో, మైదానంలో వేసిన పెద్ద టెంటులోనో పొడుగాటి బల్లలు వేసి, తెల్ల కాగితం పరిచి, ఊళ్లోవాళ్లు తమ తోటల్లో పండించిన ఉల్లిగడ్డలు, బంగాళాదుంపలు, బీన్స్, పూలు, ఇంట్లో కాచిన జామ్‌లు, కేకులు తెచ్చి పెడతారు. జడ్జీలు వచ్చి చూసి, విరిచి, కోసి, రుచి చూసి బహుమతులిస్తారు. మేము బెర్క్‌షైర్‌లో రెడింగ్‌కి దగ్గర్లో ఉంటున్నాం. ఇన్నేళ్లూ ఈ షోలకు టికెట్ కొనుక్కుని వెళ్లి చూసి రావడమే తప్ప, నా చేత్తో పండించింది ఆ బల్ల మీద పెట్టింది మాత్రం పోయినేడే. ఇక్కడున్న మన తెలుగువాళ్లలో పెరట్లో మెంతికూర, టమాటాలు, సొరకాయ దాకా పండించే గట్టివాళ్లు చాలామంది ఉన్నారు కానీ షోకి పెట్టినవాళ్లు నాకు తారసపడలేదు. ఎవరికైనా ఆ ఆలోచన ఉంటే పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను, కొంచెం పొడుగే అవుతుంది.

ముందు షెడ్యూల్ గురించి చెప్పాలి, ఎందుకంటే అంతా దాని మీదే నడుస్తుంది. వసంతకాలంలో షో కమిటీవాళ్లు ఒక చిన్న పుస్తకం వేస్తారు, అందులో క్లాసులుంటాయి. క్లాస్ అంటే ఒక్కో పోటీ విభాగం. టమాటాలు ఐదు, రన్నర్ బీన్స్ ఆరు, 250 గ్రాములు దాటని ఉల్లిగడ్డలు ఐదు, బీట్‌రూట్ మూడు, మిరపకాయలు ఆరు, జామ్ ఒక సీసా, చట్నీ ఒక సీసా, ఇలా. ఒక్కో క్లాసుకు ఎంట్రీ ఫీజు కొన్ని పెన్స్, ఫస్ట్ వస్తే ఇచ్చే డబ్బు ఒక పౌండో అంతకు కాస్త అటూ ఇటో. డబ్బు కోసం ఎవరూ పెట్టరు. కానీ ఆ పుస్తకంలో ఐదు అంటే ఐదే. ఆరు పెట్టినా, నాలుగు పెట్టినా ఆ ప్లేటును జడ్జి అసలు పరిశీలనలోకే తీసుకోడు, కార్డు మీద ఎన్‌ఏఎస్ అని రాసి వెళ్లిపోతాడు. 'నాట్ యాజ్ షెడ్యూల్' అని దాని అర్థం. షోకి పెట్టే పెద్దవాళ్లకు ఆ మూడక్షరాలంటే ఎంత భయమో నేను స్వయంగా చూశాను.

ఇంకో సంగతి ఏమిటంటే, జడ్జీ తన ఇష్టాన్ని బట్టి మార్కులు వేయడు. రాయల్ హార్టికల్చరల్ సొసైటీ (ఆర్‌హెచ్‌ఎస్) అని 1804లో పెట్టిన సంస్థ ఉంది కదా, చెల్సీ ఫ్లవర్ షో నడిపేవాళ్లు, వాళ్లు షోల కోసం ఒక హ్యాండ్‌బుక్ వేశారు. ఏ కూరగాయ ఎలా ఉంటే మంచిది, ఏది లోపం అన్నది అందులో కూరగాయల వారీగా రాసి ఉంటుంది. ప్రతి కూరగాయకూ గరిష్ఠ మార్కులు కూడా ఉన్నాయి. బంగాళాదుంపకు 20, రన్నర్ బీన్స్‌కు 18, కోర్జెట్‌కు (జుకినీ) 12, ముల్లంగికి 10. పండించడం ఎంత కష్టమైతే మార్కులు అంత ఎక్కువ. వేర్వేరు కూరగాయలు కలిపి పెట్టే క్లాసుల్లో ఈ తేడా బాగా పనిచేస్తుంది, ఎంత అందమైన ముల్లంగి పెట్టినా ఓ మాదిరి బంగాళాదుంపతో తూగడం కష్టం.

అది చదివాక నాకు అర్థమైంది ఇది. కూరగాయల క్లాసుల్లో రుచి లెక్కలోకే రాదు, పెద్దగా ఉంటే ఒక్కటే చాలదు. ఐదూ ఒకేలా ఉన్నాయా, ఆకారం, రంగు, సైజు కలిశాయా, మచ్చ లేదా, తాజాగా ఉన్నాయా, ఇవే. పెద్ద సైజు ఒక్కటే చూసే క్లాసులు వేరే ఉంటాయి, అత్యంత పొడుగు బీన్ అని, అత్యంత బరువైన మారో (సొరకాయలాంటి పెద్ద కాయ) అని, పిల్లలకు అవంటే చాలా సరదా. మిగతా అన్నిట్లో మాత్రం నాలుగు బ్రహ్మాండమైనవీ ఒకటి చిన్నదీ పెడితే, మధ్యరకానివైనా ఐదూ జోడు కుదిరిన ప్లేటు ముందు ఓడిపోవాల్సిందే. అంటే ఐదు కావాలంటే చాలా పండించాలి, అందులోంచి ఏరుకోవాలి. షో కోసం సాగు చేయడమంటే ఇదేనని నా అభిప్రాయం.

మాకు అలాట్‌మెంట్ ఉంది. ఊరివాళ్లు కూరగాయలు పండించుకోవడానికి కౌన్సిల్ అద్దెకిచ్చే భూమి, అడిగేవాళ్లుంటే ఇవ్వాలని 1908 నాటి చట్టంలోనే ఉంది. పూర్తి ప్లాటు పది రాడ్లు, మన లెక్కలో ఆరు సెంట్ల పైచిలుకు. మాది సగం ప్లాటు, మూడు సెంట్లనుకోండి. పక్క ప్లాటు పెద్దాయన ఎనభై దాటినవారు, ఊరి షోలో ఎన్నో కప్పులు గెలిచారు. నేను పెడతానని చెప్పగానే ఆయన చేసిన మొదటి పని, తన పాత షెడ్యూల్ పుస్తకాలు తెచ్చి నా చేతిలో పెట్టడం. పోటీదారుకు ఇలా అన్నీ చెప్పేస్తారా అని మా ఆయన ఆశ్చర్యపోయారు. చెప్పారండీ, ఏదీ దాచుకోలేదు.

ఉల్లితో మొదలుపెట్టాను. ఇక్కడ షోకి పెట్టేవాళ్లు ఉల్లి విత్తనం బాక్సింగ్ డే నాడు, అంటే డిసెంబర్ 26న వేయడం ఒక ఆనవాయితీ. బయట గడ్డ కట్టే చలి, ఇంట్లో కిటికీ పక్కన ట్రేలో లైటు కింద నారు. అంత తొందరెందుకో పెద్దాయన చెప్పేదాకా నాకు తెలియదు. ఉల్లి గడ్డ ఊరడం పగటి నిడివిని బట్టి ఉంటుంది. ఇక్కడి రకాలకు పగలు బాగా పొడుగైతే తప్ప గడ్డ కట్టాలన్న కదలికే రాదు, జూన్ నెలాఖర్లో దక్షిణ ఇంగ్లండ్‌లో పగలు పదహారున్నర గంటలుంటుంది. మన గుంటూరులో ఎండాకాలంలో కూడా ఇంచుమించు పదమూడు గంటలే, అందుకే మన ఉల్లి రకాలు వేరు, అవి ఇక్కడ వేస్తే అర్ధాంతరంగా చిన్న గడ్డ కట్టి ఆగిపోతాయి. ఇంకా నాకు బాగా నచ్చిన విషయం, ఉల్లికి పైన ఎన్ని ఆకులొస్తే లోపల అన్ని పొరలు. పగలు పొడుగయ్యే లోపే ఎన్ని ఎక్కువ ఆకులు తెప్పించగలిగితే గడ్డ అంత నిండుగా వస్తుంది. డిసెంబర్‌లోనే విత్తనం వేసేది ఆ ఆకుల కోసమే. ఎన్నేళ్లుగా ఉల్లిగడ్డలు తరిగానో, ఈ పొరకో ఆకు అన్న లెక్క మాత్రం ఎప్పుడూ తట్టలేదు!

మార్చిలో ప్లాటులోకి మార్చి, పైన పల్చటి గుడ్డ కప్పాను. నేను పెట్టింది 250 గ్రాముల లోపు క్లాసు కనుక గడ్డను ఎంత వీలైతే అంత పెంచడం కాదు, సరిగ్గా ఆ బరువుకు కాస్త కిందుగా ఆపడం పని. జులైలో టేపుతో గడ్డ చుట్టూ కొలిచి, అన్నీ ఒకే కొలతకు రాగానే పీకేయాలి, ఒక్కోటి ఒక్కో రోజు వస్తుంది. తర్వాత మట్టి తుడిచి, వేర్లు కోసి, టాల్కమ్ పౌడర్ అద్ది ఆరబెడతారు, పై పొర ఒకే రంగులోకి తిరగాలని. మెడను వంచి రాఫియా నారతో చుట్టి కట్టాలి. పొరలు ఎక్కువ ఒలిచేయకూడదు, లోపలి ఆకుపచ్చ గీతలు బయటపడితే మార్కులు పోతాయి. నేను ఎండబెట్టే రోజుల్లో వానలు పడ్డాయి, గ్యారేజీలో ఫ్యాన్ పెట్టి ఆరబెట్టాం.

రన్నర్ బీన్స్ సంగతి మరీ ముచ్చట. మన దగ్గర ఇవి లేవు, చిక్కుడు జాతే, ఎర్రటి పూలతో పందిరి నిండా పాకుతాయి. పందిరి కాదు, వెదురు కర్రలు వరసగా పాతి పైన అడ్డకర్ర కట్టడమే. ఇక్కడ మే నెల మధ్య దాకా మంచు పడే భయం ఉంటుంది కనుక ఏప్రిల్ చివర కుండీల్లో మొలకెత్తించి తర్వాత నాటాను. షోకి పెట్టేవాళ్లు వేసే స్టెన్నర్ అనే రకం పెద్దాయనే ఇచ్చారు. కాయ నిటారుగా ఉండాలి, లోపలి గింజ బయటికి ఉబ్బి కనబడకూడదు, కొనన తోక ఉండాలి, తొడిమ ఉండాలి. జడ్జి ఒక కాయ తీసుకుని విరిచి చూస్తాడు, టక్కున విరగాలి, ఈనె లేవకూడదు. గుత్తిలో కాయలు ఒకదాన్నొకటి ఒత్తుకుంటే వంకర తిరుగుతాయని గుత్తికి ఒకటో రెండో ఉంచి మిగతా పిందెలు తుంచేశాను. లేత పిందెలు తుంచుతుంటే మనసు పీకింది, కానీ వేపుడుకు పనికొచ్చాయి. షోకి ముందు నాలుగైదు రోజుల నుంచీ బాగున్న కాయల్ని కత్తెరతో తొడిమతో సహా కోసి, తడి గుడ్డలో నిటారుగా పేర్చి చుట్టి, చల్లటి చోట పెట్టాలి. కాస్త వంకర ఉన్నవి కూడా తడి గుడ్డలో మెత్తబడి సాపు అవుతాయి. మా ఫ్రిజ్‌లో కింది అర ఆ వారమంతా వాటిదే.

టమాటాలకు రకం ముఖ్యం. షిర్లీ వేశాను, గ్రీన్‌హౌస్‌లోనే. బయట వేస్తే జులై, ఆగస్టు వానల్లో బ్లైట్ తెగులు పట్టి వారంలో మొక్కంతా నల్లబడిపోతుంది, 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటను నాశనం చేసి కరువు తెచ్చిన తెగులు అదే. షో టమాటాకు తొడిమ దగ్గర ఆకుపచ్చ రెక్కలు తాజాగా, పచ్చగా నిలబడి ఉండాలి, అవి వాడితే టమాటా ఎంత బాగున్నా లాభం లేదు. ఐదూ ఒకే ఎరుపు రావడం అన్నిటికన్నా కష్టం. ఒకటి ముందే పండితే చల్లగా ఉంచి ఆపడం, ఒకటి వెనకబడితే అరటిపండు పక్కన పెట్టి పండించడం, ఈ ఆటలో చివరి వారం గడిచింది.

మిరపకాయలు మాత్రం నా సొంత గడ్డ అనుకుని పెట్టాను. జనవరి చివర విత్తనం వేసి, వెచ్చటి ట్రేలో పెట్టాను. మిరపకు మొలక రావాలంటే పాతిక డిగ్రీల దాకా వెచ్చదనం కావాలి, ఇక్కడ ఆ నెలలో బయట నాలుగైదు డిగ్రీలు. సన్నగా పొడుగ్గా ఉండే కయెన్ రకం. నిగనిగలాడుతూ, ఒకే పొడుగులో, తొడిమలు వాడకుండా ఆరు కావాలి. ఘాటుకు మార్కులుండవు. అది నాకు కొంచెం బాధే అనిపించింది. మిరపకాయను ఘాటు చూడకుండా ఎలా మెచ్చుకుంటారో ఇప్పటికీ నాకు సమ్మతం కాదు, కానీ అక్కడి నియమం అది.

ఇక జామ్, చట్నీ. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది, ఇక్కడ రుచికే ఎక్కువ మార్కులు. ఈ క్లాసులకు జడ్జీలుగా ఎక్కువగా విమెన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందినవాళ్లు వస్తారు. ఆడవాళ్ల సంఘం అది, డబ్ల్యూఐ అంటారు, బ్రిటన్‌లో మొదటి శాఖ 1915లో వేల్స్‌లోని ఆంగ్లసీ దీవిలో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో చక్కెర రేషన్ ఉన్న రోజుల్లో ప్రభుత్వం వీళ్లకు ప్రత్యేకంగా చక్కెర ఇచ్చి, ఊళ్లలో పండ్లు వృథా కాకుండా జామ్ కాయించింది. సీసా బూజు పడితే అందరి చక్కెరా పోయినట్టే కదా. సీసా శుభ్రత గురించి, మూత గురించి ఆ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది.

మా ప్లాటులో బ్లాక్‌కరెంట్ పొద ముందు నుంచే ఉంది, జులైలో కాయలు నల్లగా పండుతాయి, పుల్లగా ఉంటాయి. పెక్టిన్, అంటే జామ్‌ను గట్టిపరిచే పదార్థం, బాగా ఉన్న పండు కనుక జామ్ తేలిగ్గా గట్టిపడుతుంది. స్ట్రాబెర్రీలో పెక్టిన్ తక్కువ, నిమ్మరసం పిండాలి, పైగా పండ్లన్నీ సీసాలో పైకి తేలిపోతాయి, అందుకే దాని జోలికి పోలేదు. కిలో పండుకు కిలోన్నర పంచదార, దాదాపు 900 మిల్లీలీటర్ల నీళ్లు. ముందు నీళ్లలో పండును బాగా మెత్తబడనివ్వాలి, తొక్క వేళ్ల మధ్య చిదిమితే చితకాలి. పంచదార పడ్డాక తొక్క ఇక మెత్తబడదు, తోలులా సాగుతుంది. పంచదార పూర్తిగా కరిగాక మంట పెద్దది చేసి గలగలా మరగనివ్వాలి. 105 డిగ్రీలు వస్తే అయినట్టే, కానీ నాకు థర్మామీటర్ కన్నా ప్లేటు మీద నమ్మకం ఎక్కువ. ఫ్రీజర్‌లో పెట్టిన ప్లేటు మీద ఒక చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో నెడితే పైన ముడత పడాలి. అరిసెల పాకం నీళ్లలో వేసి ఉండ కడుతుందా అని చూసే చేతికి ఇది పెద్ద పని కాదు. చివరికి రెండున్నర కిలోల జామ్ దిగుతుంది, అందులో పంచదార కిలోన్నర, అంటే 60 శాతం. నిలవ ఉండటానికి అంత కావాలట, అంతకు తగ్గితే బూజు, మరీ పెరిగితే పలుకు కడుతుంది.

సీసాలకు ఇంకో పురాణం. రంగు లేని గాజు, మీద ఏ కంపెనీ పేరూ అచ్చు ఉండకూడదు, మూత కొత్తది. ఓవెన్‌లో వేడి చేసిన సీసాలో జామ్ వేడివేడిగా మూతి దాకా నింపాలి. మూత పెడితే మూతే, లేదంటే మైనపు కాగితం వేసి పైన సెలోఫేన్ కట్టాలి, మైనపు కాగితమూ మరమూతా రెండూ కలిపి పెడితే లోపమే. లేబుల్ సీసా అతుకుల మధ్య సరిగ్గా, నిటారుగా, దాని మీద ఏం జామో, తయారు చేసిన తేదీ, నెల, సంవత్సరం. సీసా మీద వేలిముద్ర కూడా ఉండకూడదు. మా అమ్మాయి అందమైన చేతిరాతతో లేబుళ్లు రాసింది.

చట్నీ రూబార్బ్‌తో చేశాను. ఎర్రటి కాడలు, ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి, మన చింతచిగురుకు ఏమాత్రం తగ్గని పులుపు. ఆకులు విషం, కాడలే వాడాలి. ఇక్కడి చట్నీ అంటే మనం ఇడ్లీకి రుబ్బుకునేది కాదు. పండో కాయో ఉల్లిపాయలతో, వెనిగర్‌తో, బ్రౌన్ షుగర్‌తో గంటా గంటన్నర ఉడికించి దగ్గర పెట్టి నెలల తరబడి ఊరబెట్టేది. కిలో కాడలు, అరకిలో ఉల్లిపాయలు, అరకిలో బ్రౌన్ షుగర్, అరలీటరు పైన మాల్ట్ వెనిగర్, కిస్‌మిస్, అల్లం, ఉప్పు. ఇంతవరకూ వాళ్ల పద్ధతే. అందులో నేను వేయించి దంచిన ఆవాలు, చిటికెడు మెంతిపిండి, ఎండుమిరపకాయలు వేశాను. ఫోన్‌లో అమ్మకు చెబితే ఆవిడకు అస్సలు మింగుడు పడలేదు.

"నూనె చుక్క లేకుండా పచ్చడేమిటే, నెల తిరక్కుండా బూజెక్కదూ?"

"వెనిగర్ ఉందిగా అమ్మా, అది చాలు."

"ఏమోనమ్మా, పైన నూనె తేలితేనే నాకు ధైర్యం."

ఆవిడ చెప్పిందీ నిజమే, మన ఊరగాయ ఉప్పుతో, పులుపుతో, పైన గాలి తగలనివ్వని నూనెతో నిలవుంటుంది, వీళ్లది ఐదు శాతం ఆమ్లం ఉన్న వెనిగర్‌తో, చక్కెరతో. అయిందా లేదా అని చూడటానికి గరిటెతో గిన్నె అడుగున గీత గీయాలి. ఆ గీతలోకి వెనిగర్ వెంటనే కారి రాకుండా క్షణం పాటు అడుగు కనబడాలి. సీసాలో నింపేటప్పుడు గాలి బుడగలు ఉండకుండా సన్నటి కర్రతో కలిపాను. మూత లోపల పూత ఉన్నది కావాలి, ఉత్త రేకు మూతను వెనిగర్ తినేస్తుంది. తర్వాత చీకటి అలమరలో కనీసం రెండు నెలలు. చేసిన రోజు రుచి చూస్తే వెనిగర్ గొంతులో గుచ్చుకుంటుంది, ఆగస్టుకి అదే చట్నీ ఆ గుచ్చుకోవడం పోయి, కమ్మగా, చివర్లో ఆవఘాటుతో ఉంది. మే నెలలో చేసి ఉండకపోతే షోకి అందేదే కాదు. పెట్టాలనుకునేవాళ్లు షెడ్యూల్ రాగానే చట్నీ క్లాసే ముందు చూసుకోండి.

షో ముందు రోజు రాత్రి ఇల్లంతా కూరగాయలే. డైనింగ్ టేబుల్ మీద టమాటాలన్నీ వరసగా పెట్టి ఐదింటిని ఏరడానికి మా ఆయన, పిల్లలు, నేను తలా ఒక జట్టును ఎంచి వాదించుకున్నాం. మా అబ్బాయి ఫోన్‌లో ఫోటో తీసి నలుపు తెలుపుల్లోకి మార్చి చూపించాడు, రంగు తీసేస్తే ఏది సైజులో తేడానో తెలిసిపోయింది! ఉల్లిగడ్డలు వంటింటి కాటా మీద మళ్లీ తూచాను. ఒకటి 250కి మరీ దగ్గరగా ఉంటే దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నాను, అక్కడి కాటా ఒక గ్రాము ఎక్కువ చూపించినా ఎన్‌ఏఎస్ కదా.

పొద్దున ఎనిమిదికి హాలు తెరిచారు, పదికల్లా పెట్టేసి బయటికి వెళ్లాలి. ఆ రెండు గంటల్లో హాల్లో మాటలే తక్కువ. ప్లాస్టిక్ పైపు ముక్కలు రింగులుగా కోసి వాటి మీద ఉల్లిగడ్డలు నిలబెడుతున్నవాళ్లు, బంగాళాదుంపల ప్లేటు మీద వెలుతురు తగిలి పచ్చబడకుండా నల్లగుడ్డ కప్పుతున్నవాళ్లు, బీన్స్ తోకలన్నీ ఒకే వైపుకు తిప్పి నల్లటి గుడ్డ మీద పేరుస్తున్నవాళ్లు. నాలుగు టమాటాలు చుట్టూ, ఒకటి మధ్యలో, తొడిమలు పైకి, అలా పెట్టాను. పేరున్న కార్డు బోర్లించి పెట్టాలి, ఎవరిదో జడ్జికి తెలియకూడదు. మన పక్కనే ఇంకొకరు తమ ప్లేటు పెడతారు చూడండి, అది మనదానికన్నా బాగుందో లేదో చూడకుండా ఉండటం ఎవరివల్లా కాదు, నాకు టెన్షన్ మొదలైంది అక్కడే. ఒక ముసలావిడ టమాటాల ప్లేటులో ఆరున్నాయని పెద్దాయన గమనించి, ఆవిడ చెవిలో మెల్లగా చెప్పారు. ఆవిడ తీసేసి ఆయన చేయి పట్టుకుంది. ఆయన కూడా అదే క్లాసులో పెట్టారు మరి.

పదిన్నర నుంచి తలుపులు మూసి జడ్జింగ్, వెంట ఉండి సాయం చేసే స్టీవార్డులు తప్ప ఎవరూ ఉండకూడదు. రెండింటికి జనాన్ని లోపలికి వదిలారు. ఎర్ర కార్డు ఫస్ట్, నీలం సెకండ్, పసుపు థర్డ్. ఎవరూ నడవరు, పరిగెత్తినట్టే వెళ్తారు, నేనూ అంతే. బీన్స్‌కు నీలం కార్డు! ఒక కాయ సగానికి విరిచి ఉంది, విరిగిన చోట పచ్చగా, నీరు చెమ్మతో. మొదటిది పెద్దాయనదే, ఆయన ఇచ్చిన విత్తనమే రెండింటిదీ. ఉల్లికి ఏమీ రాలేదు, వాటి ముందు గెలిచిన ప్లేటు చూస్తే ఎందుకో అర్థమవుతుంది, ఐదింటి మెడలూ ఒకే మందంలో ఉన్నాయి. టమాటాలకూ రాలేదు. మిరపకాయలకు పసుపు కార్డు. జామ్‌కు సెకండ్, 'రంగు, సెట్ (గట్టిపడిన తీరు) చాలా బాగున్నాయి' అని జడ్జి చేతిరాత. చట్నీకి ఎర్ర కార్డు. దాని మీద 'రుచి అద్భుతం, చక్కగా ఊరింది, ఆవఘాటు బాగుంది' అన్న అర్థంలో రెండు లైన్లు రాసింది జడ్జి. ఆ కార్డు ఫోటో తీసి గుంటూరు పంపాను. "నూనె లేకుండానే?" అని అమ్మ ఒకటే మెసేజ్.

తోటలో పండించినవాటి క్లాసులన్నిట్లో గెలిచిన డబ్బు కలిపి ఎవరిది ఎక్కువైతే వాళ్లకు బ్యాంక్సియన్ మెడల్ అని ఇస్తారు, ఆర్‌హెచ్‌ఎస్ తన అనుబంధ సంఘాలకిచ్చే పతకం, ఆ సొసైటీ పెట్టినవాళ్లలో ఒకరైన వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ పేరు మీద. ఒకసారి గెలిచినవాళ్లకు వెంటనే రెండేళ్లు మళ్లీ ఇవ్వరు, మిగతావాళ్లకూ అవకాశం రావాలని. చాలా మంచి నియమం అనిపించింది. ఈసారి ఒక కుర్ర జంటకు వచ్చింది, పూల క్లాసులన్నీ వాళ్లవే. నాలుగింటికి బహుమతులయ్యాక మిగిలిన కూరగాయలు వేలం వేశారు. మా జామ్ సీసా ఎవరో కొనుక్కున్నారు, చట్నీ సీసా కోసం ఇద్దరు పాడుకున్నారు.

ప్రిజర్వ్స్ జడ్జి, అంటే జామ్‌లూ చట్నీలూ చూసిన ఆవిడ, సాయంత్రం దాకా ఉండి ఎవరేం అడిగినా ఓపిగ్గా చెప్పింది. పెద్దావిడ, చెంచాల డబ్బా పట్టుకుని ప్రతి సీసా దగ్గరా ఆగి మాట్లాడింది. నేను ఆవకాయ గురించి అడిగాను. వెనిగర్ లేకుండా నూనెలో, ఉప్పులో ఊరేవి ఈ షెడ్యూల్‌లో ఏ క్లాసులో పెట్టాలి అని. ఉన్నవాటిలో దేనికీ సరిపోదని, ఉన్న కొలమానాలతో దాన్ని తూచితే దానికి అన్యాయం జరుగుతుందని ఆవిడే అంది. షో సెక్రటరీ పక్కనే ఉండి, కొత్త క్లాసు కావాలంటే శరదృతువులో కమిటీ మీటింగ్ ఉంటుంది, ఏది మంచి ఆవకాయ, ఏది లోపం అన్నది జడ్జికి పనికొచ్చేలా ఒక పేజీ రాసి తీసుకురమ్మంది.

ఆ పేజీ రాస్తున్నాను ఇప్పుడు. ముక్కకు టెంక పెంకు ఉండాలి, ముక్కలన్నీ ఒకే సైజు, నెలలు గడిచినా కొరికితే గట్టిగా తగలాలి. ఆవపిండి చేదెక్కకూడదు. కారం రంగు ఎర్రగా నిలవాలి, నల్లబడితే లోపం. ఉప్పు ముందుగా నాలుకకు తగలకూడదు. కనీసం నెల రోజులు ఊరి ఉండాలి. సీసా అంచున పిండి అంటుకుని ఉండకూడదు. ఇంతవరకూ అమ్మా, అత్తయ్యా ఇద్దరూ ఒప్పుకున్నారు. వెల్లుల్లి తప్పనిసరా, ఉన్నా లేకున్నా ఒకటేనా అన్న దగ్గర కాస్త గొడవైంది, ఐచ్ఛికం అని రాశాను. పైన నూనె ఎంత ఎత్తు తేలాలన్న దగ్గర మాత్రం ఆగిపోయింది. అమ్మ వేలెడు అంటోంది, అత్తయ్య ముక్క మునిగితే చాలంటోంది, సెక్రటరీకేమో మిల్లీమీటర్లలో కావాలి.